మూడు నానోసెకన్ల ఆలస్యం

కూర్మాచార్యులు మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. లేచి చెప్పులు వేసుకుంటారు. అడిగినవాళ్ళు వెంట నడవాలి. నడిచి నడిచి ఎక్కడో ఒకచోట ఆగుతారు. అక్కడ ఏదో ఒకటి జరుగుతుంది, లేదా ఆయనే జరిపిస్తారు. అది చూసి అర్థమైనవాడికి అర్థమైనంత, కానివాడికి కాళ్ళ నొప్పులు. భౌతికశాస్త్రం ఎమ్మెస్సీలో ముప్పై ఒక్క బ్యాచీలు ఆయన వెనకాల అలా ఎండలో నడిచాయి. రాపిడి అంటే ఏమిటని అడిగిన ఒక విద్యార్థిని చేపల రేవుకు తీసుకెళ్ళి, ఒడ్డుకు లాగుతున్న పడవ తాడు పట్టుకోమన్నారు. అతని అరచేతులు వారం రోజులు మండాయి గానీ రాపిడిని మాత్రం జన్మలో మరిచిపోలేదు. ఇంకోసారి తనిఖీకి వచ్చిన కమిటీ పెద్దమనిషి ఒకాయన, మీ పరిశోధనల వల్ల జనానికి ఒరిగేదేమిటని అడిగాడు. మాస్టారు చెప్పులు వేసుకుని, ఆయన్ని కబుర్లలో పెట్టి బస్టాండు దాకా నడిపించి, ఆయన ఊరి బస్సు ఎక్కించి వచ్చేశారు.

రిటైరయ్యాక అడిగేవాళ్ళు తగ్గిపోయారు. తగ్గి తగ్గి చివరికి వకుళ ఒక్కతే మిగిలింది. ఆయన దగ్గర చివరగా పీహెచ్‌డీ చేసింది ఆమె. ఇప్పుడు యాభై ఏళ్ళు, అదే యూనివర్సిటీలో రీడరు. ఒక సోమవారం పొద్దున్న ఏడు గంటలకు, తలైనా సరిగ్గా దువ్వుకోకుండా, చేతిలో ఒక ఉత్తరం పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడింది. మాస్టారు అప్పుడే హోటలు నుంచి వచ్చిన ఇడ్లీ పొట్లం విప్పుతున్నారు.

వకుళ ఏమి పట్టుకుని తొమ్మిదేళ్ళు వేలాడిందో మనం కాస్త ఓపిగ్గా వినాలి. ఎందుకంటే ఈ కథలో ఏడవాల్సిందంతా అందులోనే ఉంది.

వేగంగా పోతున్న బండిలోంచి బంతిని ముందుకు విసిరితే దానికి బండి వేగం కూడా కలిసొస్తుంది. వెలుగు దగ్గర ఈ లెక్క చెల్లదు. దీపం నిలబడి ఉన్నా, పరుగెడుతున్నా, శూన్యంలో వెలుగు పోయే వేగం ఒక్కటే. దీపం పరుగు వెలుగుకు అంటదు. వందేళ్ళకు పైగా ఎందరో ఎన్నో విధాల గీకి చూసినా చెరగని నియమం ఇది. వకుళ కూడా గీకింది. యూనివర్సిటీ వెనక సముద్రం వైపున్న రేకుల షెడ్డులో పద్దెనిమిది మీటర్ల ఉక్కు గొట్టం ఉంది. అందులో గాలి ఉండదు, ఉండనివ్వరు. ఒక చివర నుంచి బరువైన లోహపు అణువులు కాంతి వేగంలో పదో వంతు వేగంతో దూసుకొస్తాయి. దారిలో ఉల్లిపొర కన్నా ఎన్నో రెట్లు పలచనైన బొగ్గు రేకు ఒకటి అడ్డంగా ఉంటుంది. అణువు దాన్ని పొడుచుకుని పోయేటప్పుడు దాని నడుమనున్న కేంద్రకానికి దెబ్బ తగిలి లోపల కాస్త అదనపు శక్తి చేరుతుంది. కేంద్రకం దాన్ని కాసేపు ఉంచుకుని, పరుగెడుతూనే, వెలుగుగా వదిలేస్తుంది. అది మన కంటికి కనబడే వెలుగు కాదు, గామా కిరణం. అయినా వెలుగే, వెలుగు నియమమే దానికీ వర్తిస్తుంది.

రేకును తాకిన క్షణాన గడియారం మొదలవుతుంది. గామా కిరణం గొట్టం చివరి డిటెక్టరును చేరగానే ఆగుతుంది. ఆ మొత్తంలోంచి, కేంద్రకం సగటున శక్తిని ఉంచుకునే కాలాన్ని తీసేసి, ఆలోగా అది పరుగెత్తిన దూరాన్ని కూడా లెక్కలో సర్దితే, మిగిలేది వెలుగు ప్రయాణం. ఉంచుకునే కాలం ఎంతో ఎప్పటినుంచో పట్టికల్లో ఉంది. వకుళ దాన్ని తీసేసి చూసింది. రావాల్సినదాని కన్నా మూడు నానోసెకన్లు ఎక్కువొచ్చాయి. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. మూడంటే నవ్వుకునేంత చిన్న సంగతే. కానీ అది నిజమైతే, పరుగెత్తేదాని నుంచి పుట్టిన వెలుగు నెమ్మదిగా నడుస్తోందని అర్థం. నిజమైతే పుస్తకాలన్నీ మళ్ళీ రాసుకోవాలి.

ఆ మూడు నానోసెకన్ల కోసం ఆమె ఏమేం వదులుకుందో చెప్పుకుంటే బాగుండదు, చెప్పకపోతే కథ తెలియదు. మూడో ఏడు, అణువులను తరిమే యంత్రాన్ని పన్నెండు రోజుల పాటు ఆమెకు కేటాయించారు. అయిదో రోజున తుని నుంచి తమ్ముడు ఫోన్ చేసి, అమ్మకు బాగాలేదు, కళ్ళు నీకోసమే వెతుకుతున్నాయి, రా అక్కా అన్నాడు. ఎల్లుండి వస్తానంది. ఎల్లుండి కూడా యంత్రం దగ్గరే ఉండిపోయి ఆ మర్నాడు వెళ్ళింది. అప్పటికి అంతా అయిపోయింది. తమ్ముడు ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. ఆ పన్నెండు రోజుల్లోనే ఆలస్యం మొదటిసారి కనబడింది. అమ్మను ఇచ్చి దీన్ని తెచ్చుకున్నానని ఆమె మనసులో అనుకుంది. అంత పెట్టి తెచ్చుకున్నది అబద్ధమై ఉంటుందన్న ఆలోచన ఆమెకు తర్వాత ఆరేళ్ళూ రాలేదు, రానివ్వలేదు.

"మాస్టారూ, మూడో లాబువాళ్ళు కూడా లేదన్నారండి," అంది గుమ్మంలోంచే.

"ముందు లోపలికి రా. ఏది లేదన్నారు?"

"ఆలస్యం. మనలాగే గొట్టం పెట్టారు, మనలాగే రేకు పెట్టారు. వెలుగు ఠంచనుగా వచ్చేస్తోందట వాళ్ళకి. నా వ్యాసం వేసిన పత్రికవాళ్ళు శుక్రవారం లోగా జవాబు రాయమన్నారు." కూర్చుని ఉత్తరం మడతలు సరిచేసింది. "జవాబు ఉందండి నా దగ్గర. వాళ్ళ శూన్యం మన శూన్యం కన్నా వెయ్యి రెట్లు అధ్వాన్నం. అంత గాలి పెట్టుకుని ఇంత సున్నితమైన సంగతి ఎలా చూస్తారు, ముందు మీ గొట్టం బాగుచేసుకోండి అని రాస్తాను. ఎవరూ కాదనలేరు. మన దాకా రావడానికి వాళ్ళకు ఇంకో అయిదేళ్ళు పడుతుంది."

"అయితే రాసెయ్యకపోయావా? ఇంత పొద్దున్నే నా ఇడ్లీల్లో వాటాకొచ్చావా?"

వకుళ నవ్వలేదు. రాత్రంతా ఆ జవాబు ఆమె మూడుసార్లు రాసింది, మూడుసార్లూ సంతకం దగ్గర ఆగిపోయింది.

"ఆ ఆలస్యం నిజమేనా మాస్టారూ?" అంది.

మాస్టారు చేతిలో ఉన్న ఇడ్లీ ముక్క పూర్తిచేశారు. చెయ్యి కడుక్కున్నారు. ఉత్తరం తీసుకుని కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, ఆ లాబువాళ్ళ శూన్యం గురించి రాసిన రెండు వాక్యాలు మాత్రం చదివారు. తర్వాత చెప్పులు వేసుకున్నారు.

షెడ్డు దగ్గర గవర్రాజు ఉన్నాడు. ఆ గొట్టంలో శూన్యం అనేది ఉందంటే అది గవర్రాజు చలవే. అనకాపల్లి దగ్గర పల్లె నుంచి ఫిట్టరుగా వచ్చి, ముప్పై నాలుగేళ్ళుగా పంపులతో, వాల్వులతో కాపురం చేస్తున్నాడు. ఈ నెలాఖరుకు రిటైరవుతాడు. ఆ షెడ్డులో చట్టమంతా అతనిదే. తలకు నూనె రాసుకున్నవాళ్ళు లోపలికి రాకూడదు. పౌడరు వేసుకుంటే రాకూడదు. గొట్టం విప్పి ఉన్నప్పుడు దాని దగ్గర తుమ్మితే, ఆ తుమ్మినవాడు ప్రొఫెసరైనా సరే ఆ పూటకి బయటే ఉండాలి. వెనకెప్పుడో ఒక అతిథి ముచ్చటపడి గొట్టం లోపలి అంచు మీద బొటనవేలు ఆనించాడు. ఆ వేలి జిడ్డు ఆవిరై బయటికి పోవడానికి నలభై రోజులు పట్టింది. గవర్రాజు ఆ నలభై రోజులూ ఆ పెద్దమనిషిని రోజుకో తిట్టు చొప్పున తలుచుకున్నాడు. ఇప్పుడు గొట్టంలో ఉన్న శూన్యం వయసు పద్నాలుగు నెలలు. చుట్టూ వేడి పుట్టించే పట్టీలు చుట్టి, వారాల తరబడి కాచి, ఉక్కులో ఇంకిన చెమ్మంతా పిండించి, ఒక్క వాల్వూ తెరవకుండా అతను సాధించిన శూన్యం అది. అంతకన్నా మంచిది అతని సర్వీసులో రాలేదు. రోజూ పొద్దున్నే, లోపల ఎంత గాలి మిగిలిందో చూపే గేజి చూసి ఆ అంకె గోడ మీది పలక మీద సుద్దతో రాస్తాడు. రాసి ఒకడుగు వెనక్కి వేసి చూసుకుంటాడు.

మాస్టారిని చూడగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రండి బాబూ రండి. ఇంకా పనేటీ మొదలెట్టలేదు. అణువుల బీమ్ మాత్రం రాత్రి నుంచీ వత్తానే ఉంది."

"గొట్టం ఎలా ఉందయ్యా?"

"మీ దయ వల్ల బాగుంది బాబూ. నిన్నటి మీద రవ్వంత మెరుగే."

"అందులోకి కాస్త గాలి వదులు," అన్నారు మాస్టారు.

గవర్రాజు ముందు నవ్వాడు. తర్వాత వకుళ వైపు చూశాడు. ఆమె మొహం చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఏటి బాబూ ఆ మాట?"

"నైట్రోజన్ సిలిండరు ఉందిగా. సన్నగా, కొలిచి, మెట్టుమెట్టుగా వదులు. వాళ్ళ గొట్టంలో ఎంత గాలి ఉందో అంత వచ్చేదాకా."

"వాళ్ళెవులో నాకు తెలీదు. నా పీక కోసీండి గానీ ఆ వాల్వు ముట్టకండి. పద్నాలుగు నెల్లు బాబూ! పండగలకి కూడా ఇంటికి పోకుండా కాసేను. ఈ నెలాఖరుకి ఎల్లిపోతన్నాను. మల్లీ ఇంత సూన్యం సేసీవోడు ఎవుడున్నాడిక్కడ?"

మాస్టారు జవాబు చెప్పలేదు. ఆయన చెప్పరు. అక్కడున్న ఇనప కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఇక మిగిలింది వకుళే. ఆ షెడ్డుకు అధికారి ఆమె. గవర్రాజు ఆమె మాట వింటాడు గానీ మాస్టారి మాటకు వాల్వు తిప్పడు.

వకుళకు మాస్టారి ఎత్తు అప్పటికి పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఏదో తేలిపోబోతోందని మాత్రం తెలిసింది. ఇప్పుడు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇంత శూన్యాన్ని ఎవరైనా చేతులారా చెడగొట్టుకుంటారా, ఆయనకు పెద్దతనం వచ్చింది అనుకుని ఊరుకోవచ్చు. శుక్రవారం ఉత్తరం పంపవచ్చు. అయిదేళ్ళు ఎవరూ ఏమీ అనరు. ఆ అయిదేళ్ళూ ఆలస్యం ఆమెదే. గాలి వదిలితే ఒక్క పూటలో తెలిసిపోతుంది, అప్పుడు తెలియనట్టు ఉండడం కుదరదు. పారిపోవాలనిపించింది, నిజంగానే తలుపు వైపు ఒకసారి చూసింది.

"వదలండి గవర్రాజుగారూ," అంది.

"అమ్మా, మీరు కూడానా?"

"నా మాటగా రాసుకోండి. వదలండి."

గవర్రాజు మూలకు వెళ్ళి చేతులు సబ్బుతో కడుక్కున్నాడు. పెట్టెలోంచి కొత్త గ్లవుజులు తీసి తొడుక్కున్నాడు. "నాను పెంచిందాన్ని నాకే ఒగ్గీండమ్మా. ఇంకోలు సెయ్యి పడకూడదు దాని మీద," అని సిలిండరు గొట్టం బిగించి, సన్నవాల్వు పట్టుకుని, జుట్టులో పడిన చిక్కు విడదీసినంత మెల్లగా తిప్పాడు.

గేజి అంకె లేచింది. పద్నాలుగు నెలలు పట్టి దిగిన అంకె పద్నాలుగు సెకన్లలో సగం దూరం ఎక్కేసింది. గవర్రాజు ఒక్కసారి ముక్కు ఎగబీల్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

తర్వాత లెక్క పెట్టడం మొదలైంది. ఇలాంటి కొలతల్లో ఒకటి రెండు కిరణాలు చూసి ఏమీ చెప్పలేరు. వేలు పోగవ్వాలి. ఒక్కో మెట్టుకూ ముప్పావు గంట పట్టింది. వకుళ తెర ముందు కూర్చుంది. మొదటి మెట్టులో ఆలస్యం రెండు పాయింటు తొమ్మిది. పోనీ, ఉంది అనుకుంది. మంచినీళ్ళు తాగింది. రెండో మెట్టులో రెండు పాయింటు ఒకటి.

ఆ నడుమ ముప్పావు గంటల్లో చేసేదేమీ లేదు. ఫ్యాను గిరగిర తిరుగుతోంది. మాస్టారు కుర్చీలోనే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ చేతుల వైపు చూస్తే వకుళకు ఏదోలా అనిపించింది. చర్మం కాగితంలా అయిపోయి నరాలు తేలాయి. ఆయన భార్య పోయి ఇరవై రెండేళ్ళు. ఉన్న ఒక్క కూతురూ ముప్పై ఏడో ఏట జబ్బు చేసి తండ్రి చేతుల్లోనే పోయింది. తోటి మాస్టర్లలో ఆఖరివాడు కిందటి శ్రావణంలో వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన్ని ఏకవచనంతో పిలిచే మనిషి భూమ్మీద లేడు. పొద్దున హోటలు పొట్లం, మధ్యాహ్నం హోటలు క్యారేజీ, సాయంత్రం ఒంటరిగా సముద్రపొడ్డున నడక. ఎలా ఉన్నారండీ అంటే ఉన్నానమ్మా అంటారు. తొమ్మిదేళ్ళలో తను ఆయన్ని ఆ మాట ఎన్నిసార్లు అడిగిందో వకుళ లెక్కపెట్టుకుంది. తన ప్రశ్నలు పట్టుకుని రావడమే గాని, అడిగినట్టే గుర్తు లేదు.

మూడో మెట్టు. ఒకటి పాయింటు రెండు.

నాలుగో మెట్టుకు మధ్యాహ్నం పన్నెండున్నర అయింది. గేజి అంకె ఆ పరాయి లాబువాళ్ళ అంకెకు సమానమైంది. తెర మీద గీత ఉండాల్సిన చోట, అంటే అందరి పుస్తకాల్లోనూ ఉన్న చోట, తిన్నగా నిలబడింది. ఆలస్యం సున్నా. వకుళ మరోసారి చూసింది. గీతను పెద్దది చేసి చూసింది. డిటెక్టరు కేబుళ్ళు ఊడాయేమోనని లేచి వెళ్ళి చూసొచ్చింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"కేంద్రకం శక్తిని ఉంచుకునే కాలం ఎక్కడిది తీసుకున్నావు?" అన్నారు మాస్టారు. కుర్చీలో కూర్చున్నాక ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"పట్టికలోదేనండి. బల్ల మీద పెట్టి కొలిచింది. అందరూ అదే..."

ఆగిపోయింది. బల్ల మీద అనే మాట తన నోటి నుంచి వస్తూ ఉండగానే ఆమెకు అంతా తెలిసిపోయింది.

శక్తిని వదులుకోవడానికి కేంద్రకానికి రెండు దారులు. వెలుగుగా వదలడం ఒకటి. చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లలో ఒకదాని చేతిలో పెట్టి పంపేయడం రెండోది. బల్ల మీది లోహపు ముక్కలో కేంద్రకం తన ఎలక్ట్రాన్లన్నిటితోనూ నిండుగా ఉంటుంది. రెండు దారులూ తెరిచే ఉంటాయి, కాబట్టి తొందరగా వదిలేస్తుంది. అదే అణువు అంత వేగంతో బొగ్గు రేకును పొడుచుకుని వచ్చిందంటే ఒంటి మీది ఎలక్ట్రాన్లన్నీ ఊడిపోతాయి. ఒట్టి కేంద్రకం మిగులుతుంది. గొట్టంలో గాలి ఉంటే ఎదురైన గాలి అణువుల నుంచి ఒకటో రెండో ఎలక్ట్రాన్లను లాక్కుని మళ్ళీ తోడు తెచ్చుకుంటుంది. గవర్రాజు గొట్టంలో ఎదురయ్యేందుకు ఒక్క అణువూ లేదు. చేతిలో పెట్టేందుకు ఎవరూ లేక, ఆ బరువు మోసుకుంటూ అది మూడు నానోసెకన్లు ఎక్కువ పరుగెత్తింది. అప్పుడు వదిలింది. వెలుగు ఎప్పటిలాగే, ఎవరి పరుగూ అంటకుండా, తన వేగంతోనే వచ్చింది. బయల్దేరడమే ఆలస్యం.

ఆ సంగతి కొత్తదైనా బాగుండేది. ఒట్టి కేంద్రకాలు ఎక్కువసేపు నిలుస్తాయని ఆమె పుట్టకముందే ఎవరో రాసిపెట్టారు. ఎమ్మెస్సీలో ఉండగా ఆమె దాన్ని చదివింది కూడా. తన శూన్యం అంత బాగుంటుందని, అందులో ఆ మాట తనకే తగులుతుందని అప్పుడు తోచలేదు. తర్వాత ఆలస్యం మీది మోజులో అసలే తోచలేదు. పొరపాటు చేసినవాళ్ళను లోకం ఊరుకోబెడుతుంది. ఇంత శ్రద్ధగా, ఇంత శుభ్రంగా పొరపాటు చేసినవాళ్ళను ఏమని ఊరుకోబెట్టాలి?

"ఏటమ్మా తేలింది?" అన్నాడు గవర్రాజు. అతనికి తెర మీది గీతలు అర్థం కావు. ఆమె మొహం అర్థమవుతోంది.

"వెలుగు ఆలస్యం కాలేదు గవర్రాజుగారూ. మన లెక్కే తప్పు."

"గొట్టంలో ఏటైనా లోపముందా?"

"లేదు. గొట్టంలో లోపం లేకపోబట్టే తప్పొచ్చింది."

గవర్రాజు గొట్టం వైపు తిరిగాడు. "అంటే నాను బాగా సేసీబట్టి మీది పాడైపోనాదా అమ్మా? కాస్త సెత్తగా సేసుంటే మీకు ముందే తెల్సిపోయుండునా?"

అతను గ్లవుజులు విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, బల్ల మీద ఉంచాడు. పలక దగ్గరికి వెళ్ళి పొద్దున రాసిన అంకె చెరిపాడు. కొత్త అంకె రాయడానికి సుద్ద తీశాడు గానీ రాయలేదు. "భోజనానికెల్లొత్తానమ్మా," అని బయటికి పోయాడు. టిఫిను డబ్బా కుర్చీ కిందే ఉండిపోయింది. షెడ్డు పక్కన ఇసకలో ఎండలో అలా నిలబడి ఉండడం కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

వకుళ కంప్యూటరు దగ్గర కూర్చుంది. పత్రికకు మూడు వాక్యాలు రాసింది. ఆలస్యం లేదు. తప్పు నాది. వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఈసారి సంతకం దగ్గర చెయ్యి ఆగలేదు. పంపిన తర్వాత తుని ఫోన్ నంబరు తీసింది. తమ్ముడికి ఏమని చెప్పాలి? అమ్మ దగ్గరకు రాకుండా నేను ఉండిపోయింది ఏమీ లేనిదాని కోసమని చెప్పాలా? ఫోను బల్ల మీద పెట్టేసింది. అప్పుడు ఏడుపొచ్చింది. ఎవరో వింటారని గానీ, పెద్దాయన ముందు బాగుండదని గానీ అనుకోకుండా తల బల్లకు ఆనించి ఏడ్చింది. మాస్టారు వారించలేదు. పోనీలే అనలేదు, ఇంకా బోలెడు చేయవచ్చు అనలేదు. ఆయన ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, ఆ రోజు కూడా చెప్పలేదు.

చాలాసేపటికి ఆమె మొహం తుడుచుకుంది. యంత్రం ఆపేశారు. పంపుల హోరు కూడా ఆగేసరికి షెడ్డులో ఏమీ వినబడలేదు. తెర మీద ఆ తిన్నని గీత ఒక్కటి మిగిలింది.

"ఒక్కటి అడుగుతాను మాస్టారూ," అంది. "దారిలో ఎవరూ ఎదురు కాకపోతే, ఇక ఎన్నటికీ తోడు దొరకకపోతే, లోపల అంత పెట్టుకుని అది ఎంతకాలం అలా పోగలదండీ?"

కూర్మాచార్యులు మాస్టారు కుర్చీలోంచి లేవలేదు.

"నాకు మొన్న బుధవారంతో ఎనభై మూడు నిండాయమ్మా," అన్నారు.